మోటారుకు నాలుగు తీగలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాత జ్ఞాపకాలు చెప్పడానికి నా తర్వాత చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో నేను ఒక మోటారు గురించి మాట్లాడతాను. స్వర్ణోత్సవ కానుకగా బడికి ఒక చిన్న సీఎన్‌సీ యంత్రం ఇద్దామని మన సంఘం అనుకుంటోంది. తయారైన యంత్రాన్ని కొని రిబ్బను కత్తిరించడమా, విడిభాగాలు తెచ్చి పిల్లల చేతే బిగింపించడమా అన్నది ఇంకా తేలలేదు. నా ఓటు రెండోదానికి. ఎందుకో చూపించడానికే ఈ మోటారును సంచిలో వేసుకొచ్చాను.

సీఎన్‌సీ అంటే కంప్యూటరు చెప్పిన చోటికి పనిముట్టును నడిపించే యంత్రం. చెక్క మీద పేర్లు చెక్కుతుంది, ప్లాస్టిక్ పలకల్ని కావలసిన ఆకారంలో కోస్తుంది. అడ్డం, నిలువు, లోతు - ఈ మూడింటికీ మోటార్లు ఉంటాయి. పిల్లలూ, మీ లెక్కల పుస్తకంలో నిరూపక జ్యామితి అని భయపెట్టే పాఠం ఇక్కడ కదిలి కనిపిస్తుంది.

ఈ మోటారు పేరు స్టెప్పర్ మోటారు. ఫ్యాను మోటారుకు కరెంటిస్తే గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఇది అలా కాదు, అడుగులు వేస్తుంది. ఒక అడుగుకు 1.8 డిగ్రీలు. 200 అడుగులు వేస్తే ఒక పూర్తి చుట్టు. దీని చుట్టం మీ తరగతి గోడ మీదే ఉంది. బ్యాటరీ గడియారంలో క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తూ పోతే 1 వస్తుంది. ఇంటికెళ్ళి లెక్కేసి చూడండి. ఆ ఒక్క సంకేతానికి లోపలి బుల్లి మోటారు ఒక్క అడుగు వేస్తుంది, ముల్లు టిక్కుమంటుంది.

నా చేతిలో ఉన్నదాన్ని నెమా 17 అంటారు. 17 అనేది దీని బలం కాదు, ముఖం కొలత. సుమారు 1.7 అంగుళాలు, అంటే 42-43 మిల్లీమీటర్లు. దీనికి నాలుగు తీగలున్నాయి. లోపల రెండు కాయిళ్ళు, ఒక్కోదానికి రెండు కొసలు. ఏ రెండూ ఒక జత? రంగుల్ని నమ్మకండి, రంగుల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది. మల్టీమీటరును ఓముల్లో పెట్టి రెండేసి తీగల్ని పట్టి చూడాలి. జత దొరికితే కొద్ది ఓములు చూపిస్తుంది. దొరక్కపోతే అసలు దారే లేదంటుంది.

మల్టీమీటరు లేకపోతే? అమ్మా, నువ్విలా రా. ఈ షాఫ్టును వేళ్ళతో తిప్పు. (ఒక విద్యార్థిని వేదిక మీదికి వచ్చి తిప్పింది.) సులువుగా తిరిగింది కదా. ఇప్పుడు ఈ రెండు తీగల కొసలు కలిపి పట్టుకుంటాను, మళ్ళీ తిప్పు. "గట్టిపడింది సార్" అంటోంది. విన్నారుగా! లోపల అయస్కాంతం తిరిగితే కాయిల్లో విద్యుత్తు పుడుతుంది. కొసలు కలిపితే ఆ విద్యుత్తు పారి, తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. లెంజ్ నియమమని మార్కుల కోసం బట్టీ పట్టేది ఇదే. ఈ అమ్మాయి ఇప్పుడు దాన్ని వేళ్ళతో చదివింది.

జతలు తెలిశాక డ్రైవరుకు కలపాలి. ఏ4988 అనే చిన్న డ్రైవరు ఉంటుంది. దాని మీద 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అని రాసి ఉంటుంది. ఒక కాయిల్ ఒకటో జతకు, ఇంకోటి రెండో జతకు. తీగలు అటూ ఇటూ అయితే మోటారు ముందుకు పోదు, ఉన్నచోటే గుర్రుమని వణుకుతుంది. అది చెడిపోయిందని పక్కన పెట్టేయకండి. స్విచ్ ఆపి, జతలు మళ్ళీ చూడండి. ఇక తిరగాల్సిన వైపు కాక రెండోవైపు తిరిగితే, ఒక కాయిల్ తీగలు రెండింటినీ తారుమారు చేస్తే చాలు. బోరు మోటారు వెనక్కి తిరిగితే రెండు ఫేజులు మార్చే రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక్క నియమం మాత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: ముందు స్విచ్, తర్వాతే చెయ్యి. కరెంటు ఉండగా మోటారు తీగ ఊడదీస్తే, కాయిల్లో నిలవున్న శక్తి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీగా ఎగిసి డ్రైవరును కాల్చేస్తుంది.

తర్వాత కరెంటు ఎంత ఇవ్వాలన్నది. ఒక కాయిల్ నిరోధం 1.5 ఓములు అనుకుందాం. 12 వోల్టులు ఇస్తే ఓమ్ నియమం ప్రకారం 8 ఆంపియర్లు పారాలి. అంత పారితే మోటారు మాడిపోతుంది. కానీ డ్రైవరు సెకనుకు వేలసార్లు తెరుస్తూ మూస్తూ, మనం పెట్టిన హద్దు దాటనివ్వదు. ఆ హద్దు పెట్టడానికి దాని మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కొలిచే నిరోధకం 0.1 ఓము ఉన్న బోర్డు మీద ఆ స్క్రూ దగ్గర 0.8 వోల్టు చూపిస్తే, హద్దు 1 ఆంపియర్ అని అర్థం. బోర్డును బట్టి ఆ నిరోధకం మారుతుంది, దాని మీది అంకె చదివాకే లెక్క వేయాలి. హద్దు మరీ తక్కువైతే మోటారు బరువు లాగలేక అడుగులు తప్పుతుంది. మరీ ఎక్కువైతే మోటారూ డ్రైవరూ కాగిపోతాయి.

ఇప్పుడు పరీక్ష. మోటారును ముందుగా యంత్రంలో బిగించకూడదు. బల్ల మీద పెట్టి, షాఫ్టుకు జెండాలా ఒక టేపు ముక్క అంటించి, ఒక చుట్టు తిరగమని చెప్పాలి. జెండా బయలుదేరిన గీత దగ్గరికే వచ్చి ఆగాలి. అప్పుడు బిగించి, స్కేలు పెట్టి కొలవాలి. మన స్క్రూ ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు నడుస్తుందనుకుందాం. డ్రైవరు ఒక్కో అడుగును 16 భాగాలు చేస్తుంది. 200ను 16తో గుణిస్తే 3,200. దాన్ని 8తో భాగిస్తే మిల్లీమీటరుకు 400 సంకేతాలు. ఈ యంత్రాల్లో వాడే జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మొదట ఉండే అంకె 250. దాన్ని మార్చకుండా 100 మిల్లీమీటర్లు నడవమంటే 62.5 దగ్గరే ఆగిపోతుంది. పెద్దవాళ్ళు యంత్రం పాడైందంటారు. లెక్క వచ్చిన పిల్ల 250ని 400తో భాగించి, "సార్, అంకె మార్చాలి" అంటుంది.

చివరగా, అక్కడికీ ఇక్కడికీ ఇరవై సార్లు తిప్పి, పెన్సిలు చుక్క మొదటి చుక్క మీదే పడుతుందో లేదో చూడాలి. ఆ తర్వాత "ఠ" అక్షరం గీయించండి. గుండ్రం రావాలంటే రెండు మోటార్లూ కలిసి నడవాలి. ఎక్కడైనా బిగింపు వదులైతే గుండ్రం నొక్కుకుపోతుంది. వంపుల్లేని అక్షరాలు మన లిపిలో ఎన్నున్నాయి? యంత్రాన్ని పరీక్షించడానికి తెలుగు కంటే మంచి లిపి నాకు తోచలేదు.

ఇంత వివరం ఎందుకంటే, ఇలాంటి యంత్రంలో మోటారుకు తానెక్కడుందో తెలియదు. చెప్పిన సంకేతాలకు అడుగులు వేయడమే దాని పని. మధ్యలో ఒక అడుగు తప్పినా యంత్రం చెప్పదు. అంతా బాగానే ఉందనుకుంటూ తప్పుగా కోసుకుంటూ పోతుంది. స్కేలు పెట్టి కొలిచే మనిషి పక్కన లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా అంతే. యంత్రం కొనగలం. ఆ మనిషిని మాత్రం ఇక్కడే తయారుచేసుకోవాలి.

నేర్పేదెవరు అని కమిటీలో అడిగారు. మా బ్యాచ్ వాడొకడు పదో తరగతి తర్వాత చదువు ఆపేసి, బస్టాండు పక్కన మోటారు వైండింగు షాపు నడుపుతున్నాడు. కాలిన కాయిల్‌ను వాసన చూసి చెప్పగలడు. పిలిచినా ఇవాళ సభకు రాలేదు. "అక్కడ అందరూ పెద్ద ఉద్యోగాల వాళ్ళు కదరా" అన్నాడు. ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, చెబుతున్నాను: ఈ యంత్రానికి మొదటి గురువుగా వాణ్ణి పిలుద్దాం. శాలువాతో సరిపెట్టకుండా, గౌరవ వేతనమిచ్చి పిలుద్దాం. అలా పిలవకపోతే యాభై ఏళ్ళ ఈ బడి సగం మందికే బడి అయినట్టు.

కమిటీకి నా విన్నపాలు నాలుగు. ఇద్దరు పిల్లలకొక మల్టీమీటరు కొనండి. 230 వోల్టుల వైపు వైరింగు, ఎర్తింగు ఎలక్ట్రీషియనే చేయాలి. దాని మీద మూత ఉండాలి, చేతికందేలా ఎమర్జెన్సీ స్విచ్ ఉండాలి, కళ్ళద్దాలు లేకుండా ఎవరూ యంత్రం దగ్గరికి పోకూడదు. అయిదు డ్రైవర్లు అదనంగా తెప్పించండి. నేర్చుకునే చేతుల్లో కొన్ని కాలతాయి. ఆ ఖర్చును ముందే పద్దులో రాసుకుంటే పిల్లల్ని తిట్టే పని ఉండదు. ఇక నాలుగోది, ఆ గదికి ప్రతి ఆదివారం తాళం తీయాలి. బీరువాలో భద్రంగా ఉన్న పరికరాన్ని ఏ పిల్లాడూ గుర్తుపెట్టుకోడు.

సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. అంతవరకూ ఈ మోటారు, మల్టీమీటరు భోజనాల దగ్గర బల్ల మీద ఉంచుతాను. పిల్లలతో పాటు పెద్దలు కూడా వచ్చి జత తీగలు కనిపెట్టండి. కనిపెట్టాకే ఓటు వేయండి.

సెలవు.