పాత చీర విలువ ఎంత?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం పూట వీధిలో ఒక కేక వినబడుతుంది. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా!" ఇంటి ఇల్లాలు పెట్టె తెరుస్తుంది. నాలుగు చీరలు తెస్తుంది.

"ఏమ్మా, నాలుగు చీరలకు ఇంత చిన్న గిన్నేనా?"

"అంచులు చిరిగినయి అక్కా. ఇంతకన్నా గిట్టదు."

బేరం అయిపోతుంది. సామాన్లమ్మే ఆమె కూడా పేదదే. ఎండలో తిరుగుతుంది. ఆ బట్టలు బాగుచేయించి మళ్లీ అమ్ముకుంటుంది. ఆమె తప్పేమీ లేదు. కానీ ఇక్కడ ధర చెప్పేది ఒక్కరే. ఇంకో చోట ఎంత వస్తుందో ఇల్లాలికి తెలియదు.

ఇప్పుడు ఫోనులోనూ పాత బట్టల అంగళ్లు ఉన్నాయి. చీర ఫొటో తీసి, ధర రాసి పెడితే చాలు. ఎక్కడివాళ్లో చూసి కొంటారు. అయితే అన్ని అంగళ్లూ ఒక్కలా ఉండవు. మూడు రకాలు చూద్దాం.

మొదటి రకం: అమ్మేవారి దగ్గర కమీషన్ తీసుకునేది. అమెరికాలో పోష్‌మార్క్ అనే అంగడి 2011లో మొదలైంది. అక్కడ 15 డాలర్లు, అంతకు మించిన అమ్మకం మీద నూటికి 20 చొప్పున కోసుకుంటారు. కొన్నవారికి సరుకు చేరేదాకా డబ్బు అంగడి దగ్గరే ఉంటుంది. అందుకే ఇద్దరికీ కొంత ధీమా.

రెండో రకం: కొనేవారి దగ్గర రుసుము తీసుకునేది. లిథువేనియా దేశంలో 2008లో పుట్టిన వింటెడ్ ఇలాంటిది. అమ్మేవారికి కమీషన్ లేదు. కానీ కొనేవారు ఆ రుసుము కూడా లెక్కేసుకుంటారు కదా! అందుకని ధర తగ్గించమని అడగొచ్చు.

మూడో రకం: ప్రకటన వేసే చోటు. మన దేశంలో ఓఎల్ఎక్స్ ఇలాంటిది. ప్రకటన చూసి కొనేవారు ఫోను చేస్తారు. బేరం వాళ్లూ వాళ్లూ మాట్లాడుకోవాలి. సరుకు ఇచ్చి డబ్బు తీసుకునే బాధ్యత కూడా వాళ్లదే.

లెక్క వేద్దాం. చీర 1000 రూపాయలకు అమ్ముడుపోయింది అనుకోండి. నూటికి 20 కమీషన్ పోతే చేతికి 800. కమీషన్ లేకపోతే 1000. కానీ ఉతుకు, ఇస్త్రీ, పార్శిలు ఖర్చు ఎవరిది? అది ముందే అడగాలి. ధర ఒక్కటే చూడకూడదు, చేతికి ఎంత మిగులుతుందో చూడాలి.

ఇంకో మాట. పోష్‌మార్క్ 2021లో మన దేశానికి వచ్చింది. 2023లో వెళ్లిపోయింది. ఏ అంగడైనా మూతపడవచ్చు. రావలసిన డబ్బు వెంటనే తీసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఒక అక్క పట్టుచీర 3000 రూపాయలకు పెట్టింది అనుకుందాం. ఎవరో ఫోను చేశాడు. బేరమే ఆడలేదు!

"డబ్బు పంపుతున్నా అక్కా. ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టు. నీ ఖాతాలో పడతాయి."

అక్క వేలు పిన్ దాకా వెళ్లింది. అంతలో తెర మీద అక్షరాలు కూడబలుక్కుంది. "చెల్లించండి" అని ఉంది.

"చెల్లించడమంటే నేను ఇయ్యడం కదా! నువ్వు కదా నాకు ఇయ్యాల్సింది?"

అవతల ఫోను పెట్టేశాడు. ఆ ఒక్క మాట చదవకపోతే 3000 పోయేవి.

గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోవడానికే పిన్. ఒకవేళ మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

అమ్మేటప్పుడు కూడా నిజాయితీ ఉండాలి. మరక ఉంటే మరక ఫొటో కూడా పెట్టాలి. దాచితే చీర తిరిగి వస్తుంది, పేరు పోతుంది.

చిరిగిన నూలు బట్టలకు గిన్నె రావడం మంచిదే. పట్టుచీర మాత్రం తొందరపడి ఇవ్వొద్దు. అసలు జరీలో వెండి ఉంటుంది. నాలుగు చోట్ల అడిగాకే అమ్మాలి.

ఆలోచించండి, చర్చించండి:

1. చీర 600 రూపాయలకు అమ్మితే, నూటికి 20 కమీషన్ పోగా ఎంత మిగులుతుంది?

2. మీ ఊళ్లో గిన్నెకు ఎన్ని చీరలు ఇస్తున్నారు? ఆ గిన్నె బజారులో ఎంత?