మన పాత మైకుసెట్టు: బాగుచేయించుదుమా, మార్చుదుమా?

(ఉగాదికి ముందు మడివాళలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మేము వక్తలము కాము. రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగిరి చేసుకొనువారము. మెట్రిక్కుతో చదువు ముగించినవారము. అయినను మన మైకుసెట్టు సంగతి తేల్చుమని కార్యవర్గమువారు ఆ పని మాకు అప్పగించినారు. మూడు నెలలు ఆదివారములు తిరిగి తెలుసుకొన్నది మీ ముందు ఉంచుచున్నాము. 2025 మార్చి 30న రాబోవు సంవత్సరము పేరు విశ్వావసు. విశ్వావసువు గంధర్వుడు, గానము తెలిసినవాడు. ఆయన పేరిట వచ్చు ఉగాదినాడైనను మన మైకు గురకపెట్టకుండ ఉండవలెనని మా కోరిక.

నిరుటి ఉగాదినాడు జరిగినది మీకు గుర్తుండే యుండును. సిద్ధాంతిగారు రాశుల వారీగా ఆదాయ వ్యయములు చదువుచుండగా వెనుక బల్లపైనున్న ఆంప్లిఫయరు ఒకటే హోరు. ముందు వరుసవారు తమ ఆదాయము పదునాలుగని విన్నారు. వెనుక వరుసవారు రెండని విన్నారు. దానికి అందరము నవ్వుకొన్నాము. కాని ఆ తరువాత పాట పాడుటకు వచ్చిన పదేండ్ల అమ్మాయి మైకు స్టాండు పట్టుకొని, కెవ్వుమని చేయి విదిలించుకొన్నది. అది నవ్వుకొనదగిన సంగతి కాదు. వెంటనే ప్లగ్గు పీకి, మిగిలిన కార్యక్రమమంతయు ఉత్త గొంతులతోనే నడిపినాము.

ఆనాటినుండి మనలో రెండు పక్షములైనవి. "ఆ ఇనుప పెట్టెలను పాతసామానులవానికి వేసి కొత్తది కొనండి" అని కుర్రవాళ్లు. "చందాలు కూడబెట్టి కొన్నవి, ఘంటసాల భగవద్గీత మ్రోగిన పెట్టెలు, ఎట్లు పారవేయుదుము?" అని పెద్దలు. వాటికి సగము నెల జీతము చందాగా ఇచ్చిన పెద్దాయన నేడు లేరు. వారి ఇల్లాలు, మనమందరము పిన్నిగారని పిలుచు తల్లి, ఈ సభలోనే కూర్చున్నారు. రెండు పక్షములవారు చెప్పినదానిలోను న్యాయమున్నది. కాని పెట్టె మూత తీసి చూచినవారు మాత్రము రెండు వైపులను లేకపోయిరి!

మా రైల్వేలో వ్యాగను షాపుకు వచ్చినప్పుడు దాని రంగు చూచి తీర్పు చెప్పరు. అడుగుచట్రము ఎట్లున్నది, చక్రములు ఎట్లున్నవి, ఏది మార్చదగినది, ఏది మార్చరానిది అని చూతురు. వయస్సు ఒక లెక్కయే గాని అదొక్కటే లెక్క కాదు. మన పెట్టెలను కూడ అట్లే చూడవలెనని మాకు తోచినది.

పెట్టెలో ఏమున్నదో ముందు చెప్పుదుము. మైకునుండి వచ్చు కరెంటు మిక్కిలి సన్నము. దానిని పెద్దది చేయునవి గాజు వాల్వులు. లోపల వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు ప్లేటు వైపు పోవును. నడుమనున్న తీగజల్లెడ, అనగా గ్రిడ్డు, ఆ ప్రవాహమును అదుపులో ఉంచును. గ్రిడ్డుపై కొంచెము మార్పు ప్లేటువద్ద పెద్ద మార్పగును. ఫ్లెమింగు 1904లో రెండు కొనల వాల్వును చేసినాడు. డి ఫారెస్టు 1906లో దానికి మూడవ కొనను చేర్చినాడు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత క్రమముగా వాల్వులు వెనుకబడినవి. మన బెంగుళూరుకు ఇందులో చరిత్ర కలదు. 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్సువారు జాలహళ్ళి ఫ్యాక్టరీలో 1961నుండి రేడియో వాల్వులు తయారుచేసినారు. ఆ తయారీ ఆగి చాల ఏండ్లయినది. ఇప్పుడు మనకు దొరకునవి ముఖ్యముగా స్లొవేకియా, రష్యా, చైనా దేశముల సరుకు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులను కట్టడిచేసినప్పుడు ప్రపంచమంతట వాల్వులు వాడువారు కంగారుపడినారు. కనుక వాల్వుల పెట్టెను ఉంచుకొనువాడు ఒక జత వాల్వులను చేతిలో ఉంచుకొనుట మంచిది.

ఇక ముసలితనము ఎక్కడ వచ్చును? వాల్వులలోనే అని మేమును అనుకొంటిమి. మొదట వెళ్లిన దుకాణమువాడు మూతయైనను తీయకుండ, "వాల్వులన్నియు మార్చవలెను, పన్నెండు వేలు" అన్నాడు. ఎస్.పి. రోడ్డులో మరియొక ముసలి మెకానిక్కు అట్లనలేదు. పెట్టెను ఒక పక్కకు త్రిప్పి, అడుగు పలక విప్పి, మమ్ము కూర్చుండబెట్టి చూపించినాడు.

ముందుగా చెడునవి కండెన్సర్లు. ఫిల్టరు కండెన్సరులో అల్యూమినియపు రేకు, దానిపై సన్నని పొర, తడి పదార్థము ఉండును. వేడికి ఆ తడి ఆరిపోవును. పని లేక ఊరక పడియున్నను ఆ పొర బలము తగ్గును. మన పెట్టెలు ఏడాదిలో పదునొకండు నెలలు అటకమీదనే గదా! మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దానిని డి.సి.గా మార్చినప్పుడు మిగులు అల సెకనుకు 100. ఆ అలను మ్రింగవలసినది ఫిల్టరు కండెన్సరు. అది ఎండిపోయినచో ఆ అలయే మన చెవికి హోరుగా వచ్చును. మొదటి పెట్టె హోరు సరిగా ఆ 100 హోరేయని మెకానిక్కు తేల్చినాడు.

రెండవవి, ఒక వాల్వునుండి మరొక వాల్వుకు ధ్వనిని అందించు కప్లింగు కండెన్సర్లు. పాత కాగితపు కండెన్సర్లు డి.సి.ని కారనిచ్చును. అది పవర్ వాల్వు గ్రిడ్డుకు చేరినచో వాల్వు మితిమించిన కరెంటు లాగి, ప్లేటు ఎర్రగా కాలును. అట్టి చోట కొత్త వాల్వు పెట్టినను అదియు కాలును. కండెన్సరు చూడకుండ వాల్వు మార్చుట, కన్నము పూడ్చకుండ కుండలో నీరు పోయుట. మూడవవి రెసిస్టర్లు, పాత కార్బను రెసిస్టర్ల విలువ ఏండ్లు గడచినకొలది పెరుగును. ఇవన్నియు కొద్ది ధరకు దొరకునవి, టంకము వేసి మార్చదగినవి.

మార్చుటకు కష్టమైనవి ట్రాన్స్‌ఫార్మర్లు. వాల్వు పెట్టెకు అవే అడుగుచట్రము. అందులోను అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ముఖ్యము. మొదటి పెట్టెలో రెండును చక్కగా నున్నవి. రెండవ పెట్టెలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో ఒక సగము తెగియున్నది. ఎవరో ఎప్పుడో స్పీకరు కలుపకుండ పెట్టెను గట్టిగా నడిపియుందురని మెకానిక్కు ఊహ. వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు లేకుండ నడుపరాదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో వోల్టేజి పెచ్చుపెరిగి లోపలి ఇన్సులేషను చీలును. మరల చుట్టించవచ్చును గాని, పొరలు విడదీసి ఒకదానిలోనొకటి చుట్టిన ఆ లెక్క మనవద్ద లేదు. తప్పుగా చుట్టించినచో డబ్బును పోవును, ధ్వనియు పోవును.

అమ్మాయికి తగిలిన షాకు సంగతి వేరు. మొదటి పెట్టెకు రెండు పిన్నుల ప్లగ్గే యున్నది, ఎర్తు లేదు. మెయిన్సు తీగకు చాసిస్‌కు నడుమనున్న కండెన్సరు చెడి కరెంటు కారుచున్నది. చాసిస్‌నుండి మైకు వైరు పైతొడుగు ద్వారా స్టాండుకు, స్టాండునుండి పిల్ల చేతికి వచ్చినది. ఇన్ని ఏండ్లు మనలో ఎవ్వరికి ప్రమాదము కలుగకపోవుట మన తెలివి కాదు, మన అదృష్టము. కనుక బాగుచేయించినను, మార్చినను, మూడు తీగల వైరు, ఎర్తు, సరియైన ఫ్యూజు లేనిదే ఏ పెట్టెయు ఈ సంఘములో మ్రోగరాదు. ఇది బేరములేని మాట.

మన కుర్రవాళ్లకు ఇంకొక హెచ్చరిక. ఇంటిలో మీరే మూత తీయవద్దు. ఈ పెట్టెలో 400 వోల్టులకు పైగా ఉండును. స్విచ్చి ఆపిన తరువాత కూడ కండెన్సర్లలో నిలువయుండును. మెకానిక్కు ముందు దానిని రెసిస్టరుతో ఖాళీచేసి, తరువాతనే చేయి పెట్టినాడు. తిరిగి మొదటిసారి కరెంటిచ్చునప్పుడు 100 వాట్ల పాతకాలపు బల్బును సీరీస్‌లో కలిపినాడు. లోపల షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలుగును, పెట్టె బ్రతుకును.

"అయినను కొత్తది 120 వాట్లు, ఇది 30 వాట్లే గదా" అని కుర్రవాళ్లు అడిగినారు. మంచి ప్రశ్న. వాట్లు నాలుగింతలైనను ధ్వని పెరుగునది 6 డెసిబెల్సు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు పదింతల వాట్లు కావలెను. మన హాలులో రెండు వందలమంది వినుటకు మంచి స్పీకర్లు ఉన్నచో 30 వాట్లు చాలును. పైగా 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి హద్దు 55 డెసిబెల్సు, రాత్రి 45. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు బయట లౌడుస్పీకరు కూడదు. మడివాళలో గోడకు గోడ కలిసిన ఇండ్లు. పక్కింట పరీక్షకు చదువుకొను పిల్ల, రాత్రి డ్యూటీ చేసి పండుకొన్న మనిషి ఉందురు. మనకు కావలసినది పెద్ద గొంతు కాదు, తేటయైన గొంతు.

కొత్తదానిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అది తేలిక, వేడెక్కువరకు ఆగనక్కరలేదు, బ్యాటరీతో నడచునవి కూడ కలవు. నగరసంకీర్తనకు పాత పెట్టెను భుజాన మోయించుట తెలివి కాదు. వాల్వు ధ్వని మధురమని కొందరు అందురు. మితి మీరినప్పుడు వాల్వు మెల్లగా వంగును, ట్రాన్సిస్టరు ఒక్కసారిగా విరుగును; అది నిజము. కాని మితిలో నడుపునప్పుడు పంచాంగము వినువారికి ఆ తేడా తెలియదు. కనుక మాధుర్యము పేరు చెప్పి మీచేత డబ్బు పెట్టించము.

మా సిఫారసు ఇది. రెండవ పెట్టెను కండెమ్ చేయుదము. దానిలోని మంచి వాల్వులు, సాకెట్లు, మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు మొదటిదానికి నిలువయుండును. మొదటి పెట్టెను బాగుచేయించుదము. కండెన్సర్లు, రెసిస్టర్లు, వైరు, ఫ్యూజులకు 2,300 రూపాయలు, కూలి 3,000, మొత్తము 5,300. వాల్వులను పరీక్షించగా ఇంకను పనికివచ్చునవేయని తేలినది. కొత్త జతకు కావలసిన 5,200 రూపాయలను విడిగా ఉంచుదము. కొత్త సెట్టుకు దుకాణములో చెప్పిన ధర 17,000. బయటి ఊరేగింపులకు రోజుకు 2,500 చొప్పున కొత్త సెట్టును అద్దెకు తెచ్చుకొందము. ఏడాదికి రెండు రోజులే గదా. ఊరేగింపులు పెరిగిననాడు కొత్తది కొనుటకు మేమే ముందుగా చేయెత్తుదుము. ఈ పెట్టె అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోయిననాడు దీనిని కూడ ఆపివేయుదము.

ఒక్క షరతు మాత్రము కలదు. బాగుచేయించి మరల అటకపై పెట్టినచో ఆ డబ్బు దండుగ. నెలకొక ఆదివారము స్పీకరు కలిపి ఒక గంట నడుపవలెను. తేదీ పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకమును కొత్తది కొనుమన్న కుర్రవాళ్ల చేతికే ఇచ్చుదమని మా మనవి. ప్రతి ఉగాదికి ముందు ఎర్తు పరీక్ష చేయించు బాధ్యత మాది.

ఈ మాటలు వ్రాసుకొనకముందు పిన్నిగారిని అడిగినాము. "వారు పెట్టెను చూచుకొని మురియుటకు డబ్బు ఇవ్వలేదు నాయనా, పదిమంది వినవలెనని ఇచ్చినారు. వినపడనిదైతే తీసివేయండి" అన్నారు. మూడు నెలలు తిరిగి మేము తెలుసుకొన్నది ఆమె రెండు మాటలలో చెప్పినారు. ఆ పెట్టె ఇంకను వినిపించగలదు గనుకనే ఉంచుమనుచున్నాము.

తమ తమ అభిప్రాయములు చెప్పవలెనని కోరుచున్నాము. రాబోవు ఉగాదినాడు ఆ అమ్మాయి పాట మొదటి పాటగా ఉండుగాక.