ఆ ఆరు మార్కులు మన బడి పిల్లల దగ్గరున్నయి
(పద్మారావునగర్‌లో భాషోపాధ్యాయ పరీక్షలు రాసే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

చిలకలగూడ నుంచి, వారాసిగూడ నుంచి వచ్చినోళ్లున్నరు. పొద్దంతా ప్రైవేటు బడిలో పాఠం చెప్పి, నేరుగా ఇటే వచ్చినోళ్లూ ఉన్నరు. అందుకే పొగడ్తలు, స్వాగతాలు పక్కనపెట్టి ముచ్చటలోకి పోదం.

మన టెట్‌లో 150 ప్రశ్నలు. మొదటి భాషకు 30 మార్కులైతే అందులో 24 విషయానికి, 6 బోధనా పద్ధతికి. ఇంగ్లిషుకూ అంతే. ఛందస్సు, సంధులు, కవులు, బిరుదులు రాత్రింబవళ్లు బట్టీ పడుతం. బోధనా పద్ధతి దగ్గరికొచ్చేసరికి ‘ఆరే గదా’ అంటం. 2024 డీఎస్సీలో భాషాపండితుల పోస్టులు 727. పేపరు 80 మార్కులది, ప్రశ్నకు అర మార్కు. అందులో మెథడాలజీకి 32 ప్రశ్నలు, అంటే 16 మార్కులు. అర మార్కుతో కొలువు పోయినోళ్లను అడిగితే తెలుస్తది ఈ పదహారు విలువ.

ఈ ప్రశ్నలు నిర్వచనాలు అడిగే రోజులు తగ్గినయి. ఒక తరగతిని మన ముందు పెట్టి, ‘నువ్వైతే ఏం చేస్తవ్’ అని అడుగుతున్నరు. ఉదాహరణకు, పిల్లలు ఏ ఒత్తుల దగ్గర తడబడుతున్నరో పట్టుకునేందుకు టీచరు చిన్న పరీక్ష పెట్టిండు. ఇది ఏ పరీక్ష? ‘యూనిట్ మధ్యలో పెట్టిండు గదా, నిర్మాణాత్మక మూల్యాంకనం’ అని గీకేస్తరు చాలామంది. ఎప్పుడు పెట్టిండన్నది కాదు, ఎందుకు పెట్టిండన్నది చూడాలె. లోపం ఎక్కడుందో వెతికేది లోపనిర్ధారణ పరీక్ష. దాని వెనుక నివారణ బోధన రావాలె. ‘ఎందుకు’ అన్న మాట కింద గీత గీసుకుంటే సగం ప్రశ్నలు విడిపోతయి.

కేంబ్రిడ్జి వాళ్లు 2005లో మొదలుపెట్టిన టీకేటీ అనే ఇంగ్లిషు బోధనా పరీక్షదీ ఇదే దారి. మాడ్యూలుకు 80 ప్రశ్నలు, 80 నిమిషాలు. మూడు ఒక జాతివి, ఒకటి వేరే. ఆ వేరేదాన్ని పట్టుకొమ్మంటరు. మూడింటినీ కలిపే తాడేదో తెలియకుంటే నాలుగోది దొరకదు.

ఇగ అసలు సంగతి. మూడో తరగతి పిల్లగాడు ‘మా బాపు పట్నం పోయిండు’ అని రాసిండు. టీచరు ఏం చేయాలె? ఎర్రసిరాతో కొట్టేసి ‘వెళ్లాడు’ అని రాయాలెనా? పదిసార్లు రాయించాలెనా? పట్టించుకోకుండా వదిలేయాలెనా? పిల్లగాని మాటను ఒప్పుకొని, పుస్తకంలోని రూపాన్ని దాని పక్కన పరిచయం చేయాలెనా? జవాబు చివరిదే. పిల్లల ఇంటిభాషకు బడిలో చోటుండాలెనని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నం. దండలేసుడు మంచిదే. కానీ తెల్లారి తరగతిలో ‘పోయిండు’ను తప్పని కొట్టేస్తే ఆ పిల్లగాడు మళ్ల నోరు తెరుస్తడా? చిన్నప్పుడు మన నోళ్లు మూయించిన ఎర్రసిరా మనలో చాలామంది చేతికే వచ్చింది. పరీక్షలో మొదటి ఆప్షన్ మీదికి వేలు పోతున్నదంటే ఆ అలవాటే. ఇక్కడ పోయేది ఒక్క మార్కు కాదు.

అట్లని రాసిందంతా ఒప్పే అనుకోవద్దు. ‘బాపు’కు బదులు ‘బాప’ అని కొమ్ము మరిస్తే అది రాతలోపం, దిద్దాలె. యాస వేరు, రాతలోపం వేరు. ఈ రెండింటినీ కలిపి ఆప్షన్లు ఇచ్చినప్పుడే మనోళ్లు బోల్తా పడుతున్నరు.

తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతి టెట్‌లో లేదు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. గైడ్లు కొనే పైసలుంటే ఉంచుకోండి, ముందు బడి వాచకం పట్టుకోండి. వచ్చే వారం ప్రతి ఒక్కరూ మీ తరగతి పిల్లలు రాసిన ఐదు వాక్యాలు ఉన్నవున్నట్టు రాసుకొని రండి. ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లతో ప్రశ్న తయారుచేద్దం. తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో తయారుచేసినోళ్లే నిలబడి చెప్పాలె. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.