వకీలు లేని వాయిదా

కె.జి. కన్నబిరాన్ స్మృతికి

పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ ఆత్మకథ పేరు ‘24 గంటలు’. ఆ పేరు వినగానే రాజ్యాంగం 22వ అధికరణం గుర్తొస్తుంది. పోలీసులు పట్టుకున్న మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, తనకు నచ్చిన వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. నచ్చిన వకీలు అనే మాట ఫీజు ఇచ్చుకోగలిగినవాళ్లకే వర్తిస్తే, మిగతావాళ్ల గతేమిటి? కన్నబిరాన్ వృత్తి జీవితంలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే గడిచింది.

ఉత్తర తెలంగాణలో ఆయన్ను తలుచుకుంటే భూమయ్య, కిష్టాగౌడ్ పేర్లు వెంటే వస్తాయి. ఇద్దరూ ఆదిలాబాద్ జిల్లావాళ్లు. నక్సలైటు కేసుల్లో ఉరిశిక్ష పడ్డ ఆ ఇద్దరి ప్రాణాల కోసం ఆయన ఎక్కని కోర్టు మెట్టు లేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, ముషీరాబాద్ జైల్లో వాళ్లను ఉరితీశారు. క్షమాభిక్ష నిరాకరణలో తాము జోక్యం చేసుకోలేమని తీర్పు రాసిన న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్. బీదలకు న్యాయసహాయం ఎట్లా అందించాలో చెప్పమని కేంద్రం వేసిన సంఘానికి అధ్యక్షుడిగా 1973లో నివేదిక ఇచ్చిందీ ఆయనే. ఉరి జరిగిన మరుసటి ఏడాదే 42వ సవరణ వచ్చింది. బీదరికం వల్ల ఏ పౌరుడికీ న్యాయం దూరం కాకూడదనీ, ఉచిత న్యాయసహాయం రాజ్యం బాధ్యతనీ 39-ఎ అధికరణం అప్పుడే చేరింది.

ఈ కథ అంతకు పాతికేళ్ల ముందే తెలంగాణలో మొదలైంది. సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు నల్లగొండ రైతు కార్యకర్తలకు ఉరిశిక్షలు వేశాయి. ఆ కేసులు సుప్రీంకోర్టుకు చేరినప్పుడు వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. జనార్దన్ రెడ్డి కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో ఒక ఫిర్యాదు, ప్రాణం మీదికి వచ్చిన విచారణలో తమకు వకీలు లేడన్నది. మరణశిక్ష పడే కేసులో ముద్దాయికి వకీలు లేనంత మాత్రాన ప్రతిసారీ విచారణ చెల్లకుండా పోతుందనే నియమం పెట్టలేమని 1951లో కోర్టు చెప్పింది. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. కోర్టులో ఓడిన వాదన మాత్రం బతికే ఉంది. ప్రిట్ అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడాది కెన్యా వెళ్లి, కపెంగురియాలో జోమో కెన్యట్టా తరఫున నిలబడ్డాడు. నల్లగొండ రైతుకూ, కెన్యా నాయకుడికీ వకీలు ఒక్కడే.

ఆ వాదనకు బదులు 1986లో దొరికింది. అరుణాచల్‌కు చెందిన సుక్ దాస్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఒక కీలకమైన మాట అన్నారు. ముద్దాయి అడగలేదు కాబట్టి వకీలును ఇవ్వలేదంటే కుదరదు, అతనికి ఆ హక్కు ఉందని మేజిస్ట్రేటే చెప్పాలి. అడగడం తెలియనివాడికి అడగలేదన్న నేరం అంటగట్టొద్దని దీని అర్థం. 35 ఏళ్లలో మన న్యాయస్థానాలు నడిచిన దూరం ఇది, చిన్నది కాదు.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో తయారై, 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. ఉచిత న్యాయసహాయానికి ఎవరు అర్హులో చెప్పే దాని 12వ సెక్షన్ చదివి, తర్వాత ఆదిలాబాద్, కరీంనగర్ పాత జిల్లాలను ఒక్కసారి కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. జైనూరు గోండు రైతు షెడ్యూల్డ్ తెగ కాబట్టి అర్హుడు, అతని ఆదాయం ఎంతని అడిగే పనే లేదు. జగిత్యాలలో బీడీలు చుట్టే ఆమె ఆడమనిషి కాబట్టి అర్హురాలు. దళితుడు అర్హుడు. గోదావరిఖని బొగ్గుగనిలో దిగే కార్మికుడికి పరిశ్రమ కార్మికుడిగా అర్హత ఉంది. వికలాంగులు, పిల్లలు, వెట్టికో మనుషుల అమ్మకానికో బలైనవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు అందరూ అర్హులే. 2022 జులైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీలు మునిగినట్టు వరద ముంచేస్తే, ఆ బాధితులూ అర్హులే. ఆదాయ పరిమితి ఈ వర్గాల్లో ఎందులోనూ చేరనివాళ్లకే. ఇంతమందిని తీసేశాక మిగిలేది ఎందరు? జనంలో ఎక్కువమంది ఇప్పటికే అర్హులు. ఉచితమంటే తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకేనన్న అపోహ మాత్రం ఊళ్లలో ఇంకా బలంగా ఉంది.

ఒక కోర్టు ఆవరణ. వేపచెట్టు కింద అరుగు మీద ఒకామె కూర్చుంది. ఒళ్లో బట్టల దుకాణం ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, మడతలు నలిగి చిరుగుతున్న సమన్లు. నోటరీ బల్ల దగ్గర ఎవరో ఆదాయం సర్టిఫికెట్ లేనిదే పని జరగదన్నారు. ఆమె తహసీల్దారు ఆఫీసుకు రెండుసార్లు తిరిగింది. అది ఆమెకు అక్కరలేని కాగితం. ఆదాయం లెక్కకొచ్చే దరఖాస్తులో సైతం, అనుమానించే కారణం లేకపోతే దరఖాస్తుదారు అఫిడవిట్ సరిపోతుందని 13వ సెక్షన్ అంటోంది. ఆమెకు అదీ అవసరం లేదు. ఆ రెండు రోజుల కూలీ ఎవరు తిరిగిస్తారు?

న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు తెలుగులో రాసుకోవచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పొచ్చు, అక్కడివాళ్లు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంటారు. 15100కి ఫోన్ చేయొచ్చు. ఏ కేసు, ఏ కోర్టు, ఎవరి మీద, ఏం కావాలన్నదే అడుగుతారు. దావాలో పస ఉన్నట్టు పైకి కనిపిస్తే చాలు. ఏడు రోజుల్లోగా నిర్ణయం చెప్పాలని 2010 నాటి నిబంధనలు అంటున్నాయి. వకీలు ఫీజు, కోర్టు ఫీజు, కాపీల ఖర్చు, కాగితాల అనువాదం అన్నీ సంస్థవే. పెట్టిన వకీలు చాయ్ పైసలడిగినా తప్పే.

అనువాదం అన్నది ఆదిలాబాద్‌లో చిన్నమాట కాదు. ఉట్నూరు అడవుల్లో గోండీ, కొలామీ మాట్లాడే పెద్దవాళ్లకు కోర్టు తెలుగు కూడా పరాయి భాషే. తగాదా వస్తే వాళ్లు తమ పంచాయతీ అయిన రాయి సెంటర్‌లో కూర్చుంటారు. అక్కడి పెద్ద సార్‌మేడి వాళ్ల మాటలోనే వింటాడు, వాళ్ల మాటలోనే తీర్పు చెప్తాడు. భూమి పట్టా కేసో, అడవి కేసో పడి కోర్టు మెట్లెక్కితే, తమ సంగతి తామే చెప్పుకోలేక మూగవాళ్లైపోతారు. గోండీ తెలిసిన పారాలీగల్ వాలంటీరు ఒకరు పక్కన నిలబడితే ఆ మూగతనం సగం తగ్గుతుంది. ఆఫ్రికాలోని మలావి 2000 నుంచీ ఇదే దారి పట్టింది. వకీళ్లు చాలా తక్కువున్న ఆ దేశంలో పారాలీగల్స్ జైళ్లలోకి వెళ్లి, ఖైదీలను కూర్చోబెట్టి, బెయిలు ఎట్లా అడగాలో నేర్పారు. 2004లో మలావి రాజధానిలో వెలువడిన లిలాంగ్వే ప్రకటన, న్యాయసహాయం ఒక్క వకీళ్ల సొత్తే కాదని ఆఫ్రికా దేశాలన్నిటి ముందు పెట్టింది. మనకూ 2009 నుంచి వాలంటీర్ల పథకం ఉంది. వాళ్లలో గోండీ, కొలామీ వచ్చినవాళ్లను ముందుగా ఎంచుకోవడం ఇక్కడ తక్షణం జరగాల్సిన పని.

దూరం సంగతి కొంత మెరుగైంది. 2016లో జిల్లాలు విడిపోయినా జిల్లా కోర్టులు పాతచోటే ఉండిపోయాయి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులొచ్చాయి. బెజ్జూరు మనిషి వంద కిలోమీటర్లు దాటి ఆదిలాబాద్ పోనక్కర్లేదు, ఆసిఫాబాద్ చాలు.

గల్ఫ్ సంగతి వేరు. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన కొందరు ఒక హత్య కేసులో దాదాపు 18 ఏళ్లు అక్కడి జైల్లో గడిపి, 2024 నాటికి ఇళ్లు చేరారు. అరబ్బీలో నడిచే ఆ కోర్టులో మన జిల్లా సంస్థ వకాలత్తు చెల్లదు. అక్కడ తలుపు తట్టాల్సింది రాయబార కార్యాలయాన్ని. భారత ప్రభుత్వం 2009లో పెట్టిన ప్రవాసుల సంక్షేమ నిధి కింద న్యాయసహాయానికి అడగొచ్చు. కానీ ఊళ్లో మిగిలిన భార్య మీద వడ్డీ వ్యాపారి దావా వేస్తే, భూమి వాటా ఇవ్వకుండా బావగారు అడ్డంపడితే, ఆ కేసుకు కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో ఉచితంగా వకీలు దొరుకుతాడు. మగడు దుబాయ్‌లో ఎంత సంపాదిస్తున్నాడన్న ప్రశ్న ఆమెకు అడ్డు రాదు.

బెయిలొచ్చీ జైల్లో ఉండిపోయేవాళ్ల గోడు అన్నిటికన్నా బాధాకరం. జమానతు ఇచ్చే ఇద్దరు మనుషులు దొరకరు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని పట్టించుకుంది. బెయిలు మంజూరైన ఏడు రోజుల్లో ముద్దాయి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. కార్యదర్శి పారాలీగల్ వాలంటీరునో వకీలునో జైలుకు పంపి, విడుదలకు దారి చూడాలి. లోపలున్నవాడికి ఆ ఏడు రోజుల లెక్క తెలియదు. బయట తల్లికో చెల్లెలికో తెలిస్తే, ఎనిమిదో రోజు పొద్దున ఆ ఆఫీసు తలుపు తీసే వేళకు వచ్చి నిలబడొచ్చు. కొడుకు పేరు, కేసు నంబరు, బెయిలొచ్చిన తేదీ రాసిన చీటీ ఒక్కటి చేతిలో ఉంటే సరి.