నికాన్ డీ850: ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ ఉంటే దీంతో పనేంటి?

ఈ రోజు కెమెరా గురించి మాట్లాడుకుందాం. కామెంట్స్‌లో పదే పదే వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా ఫోన్‌లోనే 200 మెగాపిక్సెల్ ఉంది కదా, 45 మెగాపిక్సెల్ కెమెరాకి అంత డబ్బు ఎందుకు పెట్టాలి?" న్యాయమైన ప్రశ్నే. పెళ్లిళ్లు షూట్ చేద్దామని సెకండ్ హ్యాండ్ డీ850 కోసం వెతుకుతున్న తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. అప్పు చేసి కొనేవాళ్లు కూడా ఉంటారు, అందుకే కాస్త ఓపిగ్గా చూడండి.

డీ850 వచ్చింది 2017లో. 45.7 మెగాపిక్సెల్. అయితే ముందు చూడాల్సింది ఆ అంకె కాదు, సెన్సర్ సైజు. ఫుల్ ఫ్రేమ్ అంటే సుమారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. పాత ఫిల్మ్ రీల్‌లో ఒక్క ఫ్రేమ్ ఎంత ఉండేదో అంత. ఖరీదైన ఫోన్లలో గొప్పగా చెప్పుకునే "వన్ ఇంచ్" సెన్సర్ వైశాల్యం ఇందులో ఏడో వంతు ఉంటుంది, అంతే. వాన నీళ్లు పట్టడానికి గ్లాసు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఎంత తేడానో, వెలుగు విషయంలో ఇక్కడా అంతే. పైగా 200 మెగాపిక్సెల్ ఫోన్లు మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి, 12 మెగాపిక్సెల్ ఫొటోనే చేతికిస్తాయి!

ఇప్పుడు మన పెళ్లి సంగతికి వద్దాం. అర్ధరాత్రి ముహూర్తం, మండపంలో లైటింగ్ అంతంతమాత్రం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది, మళ్లీ పెట్టమని అడగలేం కదా. డీ850లో 153 ఫోకస్ పాయింట్లు ఉన్నాయి. మధ్య పాయింట్ అయితే మైనస్ 4 ఈవీ దాకా, అంటే దాదాపు చీకట్లో కూడా ఫోకస్ పట్టగలదు. తలంబ్రాలప్పుడు సెకనుకి 7 ఫొటోలు. ఇంకా ముఖ్యమైనది, రెండు కార్డు స్లాట్లు ఉన్నాయి. ఒకే ఫొటోని రెండు కార్డుల్లోనూ రాసుకునేలా పెట్టుకోండి. ఒక కార్డు పోయినా పెళ్లి ఫొటోలు పోవు. నా లెక్కలో పెళ్లి షూట్‌కి మెగాపిక్సెల్ కన్నా ఇదే పెద్ద ఫీచర్.

మరి దీనికి వీక్‌నెస్ లేదా? ఉంది. వీడియో. 4కే తీస్తుంది, కాదనను. కానీ ఆ వేగమైన ఫోకస్ అంతా లోపలి అద్దం మీద ఆధారపడి ఉంటుంది. అద్దం నుంచి కొంత వెలుగు కిందికి వెళ్లి, అక్కడ విడిగా ఉన్న ఫోకస్ సెన్సర్‌కి అందుతుంది. వీడియోకి ఆ అద్దం పైకి లేవాల్సిందే, అప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. మెయిన్ సెన్సర్ తడుముకుంటూ ఫోకస్ వెతుకుతుంది. కాబట్టి రీల్స్, వీడియోలే మీ పని అయితే ఇది కొనకండి. మిర్రర్‌లెస్ చూసుకోండి.

ఇంకో ఖర్చుంది, దీన్ని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. పూర్తి సైజు రా ఫైల్ ఒక్కోటి సుమారు 50 ఎంబీ. పెళ్లిలో 2,000 ఫొటోలు తీస్తే 100 జీబీ అయింది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అది మొరాయిస్తుంది. ఒక స్లాట్ మామూలు ఎస్‌డీ కార్డుదే, రెండోది ఎక్స్‌క్యూడీ, దాని ధర ఎక్కువ. ఇవన్నీ బాడీ ధరతో కలిపి లెక్కేసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. డబ్బు చాలకపోతే లెన్స్ దగ్గర కొంత మిగుల్చుకోవచ్చు. బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది కాబట్టి పాత ఏఎఫ్-డీ లెన్సులు కూడా ఆటోఫోకస్ చేస్తాయి. 50 ఎంఎం 1.8డీ లాంటిది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది.

కొనే రోజు ఒక కార్డు వెంట తీసుకెళ్లండి. అక్కడే ఒక ఫొటో తీసి, ఎడిట్ చేయకుండా ఆ ఫైల్‌ని షటర్ కౌంట్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఈ షటర్‌ని కంపెనీ 2,00,000 సార్లకి టెస్ట్ చేసింది. లక్షన్నర దాటితే గట్టిగా బేరమాడండి. తర్వాత తెల్ల గోడని ఎఫ్16లో తీసి జూమ్ చేయండి, నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ముంది. క్లీన్ చేయిస్తే పోతుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. గీతలుంటే మాత్రం వదిలేసి వచ్చేయండి.