వేదాంతము - నీతి : రాధాకృష్ణపండితుని సమాధానము

జగత్తు మిథ్య యైనచో ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట యేల? ఆకలియు మిథ్యయే గదా! వేదాంతముపై చిరకాలముగా వినవచ్చు ఆక్షేపణ యిది. మదరాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఎం.ఏ. పట్టమునకు వ్రాసిన వ్యాసమున దీనికే సమాధానము చెప్పబూనిరి. అది 1908వ సంవత్సరము. ఆయనకు వయస్సు ఇరువది యేండ్లు.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్‌ఛాన్సలరుగా నుండి, పిదప ఆక్స్‌ఫర్డున ప్రాచ్యమతములను, నీతిశాస్త్రమును బోధించు స్పాల్డింగు ఆచార్యపీఠము నధిష్ఠించినప్పుడును ఆ ప్రశ్న ఆయనను విడువలేదు. భారతీయ చింతన ప్రధానముగా లోకనిరాకరణమే యని ఆల్బర్ట్ ష్వైట్జర్ వ్రాయగా, 1939లో వెలువడిన తమ గ్రంథమున రాధాకృష్ణన్ గారు దానిని సవిస్తరముగా చర్చించిరి.

ఆయన సమాధానమున రెండు మెట్లు కలవు. మాయ యనగా శూన్యము కాదు. జగత్తునకు స్వతంత్రసత్త లేదనియే దాని భావము. కుండ మట్టిని విడిచి యుండనేరదు. అంతమాత్రమున దానితో నీరు తేలేమా? ఇక రెండవది: పొరుగువానియందును నాయందును ఉన్నది ఒకే యాత్మ. కావున ప్రేమ కేవలము విధివాక్యము కాదు, సత్యదర్శన ఫలము.

ఇచ్చట నొక సందేహము. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడే యైనచో దానమున కర్థమేమి? ఏకత్వము గమ్యము, మార్గమున భేదము ఎదురగుచునే యుండును. అహంకారము కరగనిదే ఆ మార్గము సాగదు. కరగించు సాధనమే నీతి.

సిద్ధాంతమింత ఉదాత్తమైనను, సర్వభూతములయందు ఒకే ఆత్మను జూచిన దేశమున అంటరానితనమెట్లు నిలిచెను? రాధాకృష్ణన్ గారు అస్పృశ్యతను ఖండించిరి. కాని 1926లో ఆక్స్‌ఫర్డున చేసి, మరుసటియేట గ్రంథముగా వెలువరించిన ఉపన్యాసములలో వర్ణవ్యవస్థను ఆదర్శరూపమున సమర్థించిరి. ఆదర్శమును వర్ణించుచు వాస్తవమును తేలికపరచిరని విమర్శకు లనిరి. ఆ విమర్శ త్రోసివేయదగినది కాదు.

అయినను దానికి కొలబద్ద ఆయన తత్త్వమునందే దొరకును. ఆత్మ యొక్కటియే యని నమ్మువాడు ఎదుటివానిని బావికడ నిలిపివేయజాలడు. నిలిపివేసెనా, వాడు పలికినది వేదాంతము కాదు, వట్టిమాట. వేదాంతమున నీతికి తావు కలదని 1908లో ఆ యువకుడు వాదించెను. ఆ వాదము గెలుచుటయో ఓడుటయో గ్రంథములలో తేలునది కాదు. మన వీధులలో, మన బావులకడ తేలవలసినది.