చిలికా సరస్సులో ఉప్పు, మంచినీరు



హౌరా నుండి చెన్నై వైపు వచ్చు రైలుబండి బాలుగాం, రంభ స్టేషన్ల నడుమ చిలికా సరస్సు ప్రక్కగా సాగును. సెలవులకు స్వస్థలములకు వచ్చు తెలుగు ఉద్యోగుల కుటుంబములకు ఆ నీటి విస్తీర్ణము చిరపరిచితమే. కిటికీలోనుండి చూచువారికి అది సముద్రమో, సరస్సో తోచదు. శాస్త్రజ్ఞులకును ఆ ప్రశ్న అంత సులభమైనది కాదు.

దయా, భార్గవి మొదలగు మహానది పాయలు ఉత్తరమున మంచినీటిని, ఒండ్రును తెచ్చి పోయును. తూర్పున ఇసుకదిబ్బ సందునుండి పోటు ఉప్పునీటిని తెచ్చును. వర్షాకాలమున ఉప్పదనము తగ్గును, వేసవిలో హెచ్చును. ఈ మార్పునకు ఓర్చుకొనగల జీవులే అచ్చట నిలుచును. 1914లో అన్నండేల్, కెంప్ అను జంతుశాస్త్రజ్ఞులు ఈ జీవరాశిని క్రమముగా పరిశీలించిరి. దొరికిన ప్రాణిని సీసాలో నుంచుటతో వారు తృప్తిపడలేదు. అది ఏ నీటిలో, ఏ ఋతువున దొరికినదో కూడ వ్రాసికొనిరి.

రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో సరస్సులో ప్రవేశించి, పెరిగి, మరల కడలి చేరును. మండపీతకును ఆ దారియే కావలెను. తీరమువెంట నడచు ఇసుక ఆ ముఖద్వారమును క్రమముగా ఈశాన్యమునకు నెట్టెను. కాలువ సాగి సాగి పూడెను. ఉప్పు తగ్గగానే మంచినీటి కలుపు విజృంభించెను. 1981లో రామ్‌సార్ జాబితా కెక్కిన చిలికా 1993లో ఆపదలో నున్న చిత్తడినేలల పట్టికలో చేరెను. 1999-2000లో చేపలు, రొయ్యలు, పీతలు కలిపి సుమారు 1,700 టన్నులే దొరకెను. వలనే నమ్ముకొనినవారు పలువురు పరరాష్ట్రములకు కూలికి పోయిరి.

2000 సెప్టెంబరులో ఇసుకదిబ్బను త్రవ్వి క్రొత్త ముఖము తెరచిరి. ఎచ్చట త్రవ్వవలెనో నిర్ణయించుటకు పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనాలయపు నమూనాలు తోడ్పడెను. 2001-02లో దిగుబడి సుమారు 12,000 టన్నులకు చేరెను. 2002లో చిలికా పేరు ఆపద పట్టికనుండి తొలగింపబడెను. గునపము పట్టినవారికి కీర్తి దక్కుట సహజమే. ఏండ్ల తరబడి ఉప్పును, ఇసుకను కొలిచినవారిని తలచువారు అరుదు.

ఇసుక మాత్రము ఆగలేదు. 2008లో సముద్రము తనంతట తానే మరియొక ముఖము తెరచెను. సరస్సులో వలలతో కట్టిన రొయ్యల ఘేరీలు పిల్లచేపల దారికి అడ్డు. చిలికా, పులికాట్ సరస్సులనుండి వేయి మీటర్లలోపల రొయ్యల పెంపకము కూడదని 1996లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. పులికాట్‌కును ఇదే వ్యాధి: రాయదొరువు ముఖము ఇసుకతో పూడుచుండును. చిలికా సమీప తీరమున తెలుగు మాటాడు నోళియా జాలరులు కలరు. అచ్చటనైనను, ఇచ్చటనైనను జాలరి ముందుగా చూచునది పోటు వచ్చు దారినే.